వీ–క్రాస్ తొట్టిలో కాపురం: ఇద్దరు మనుషులు, ఒక కుక్క

పికప్‌ని చిన్న క్యాంపర్‌గా మార్చుకోవాలనుకునేవాళ్లకి మన దగ్గర మొదట గుర్తొచ్చే బండి ఇసుజు డీ–మాక్స్ వీ–క్రాస్. 2016 నుంచి మన శ్రీసిటీలోనే తయారవుతోంది. తెల్ల బోర్డు మీద సొంత బండిగా రిజిస్టరవుతుంది. 1.9 లీటర్ల డీజిల్ ఇంజన్, 163 పీఎస్ శక్తి, 360 న్యూటన్ మీటర్ల టార్క్. ఘాట్ రోడ్డెక్కడానికి లోటు లేదు. మహీంద్రా బొలెరో క్యాంపర్ పేరు చూసి మాత్రం ఆశపడకండి, అందులో క్యాంపింగంతా పేరులోనే ఉంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఒక మనిషికీ ఒక పెద్ద కుక్కకీ వీ–క్రాస్ చక్కగా సరిపోతుంది. ఇద్దరు మనుషులకైతే తొట్టి (వెనక సామానెక్కించే భాగం) నిండిపోతుంది, కుక్క క్యాబిన్‌లో పడుకోవాల్సిందే. ముగ్గురూ తొట్టిలోనే అంటే మొదటి రాత్రికే ఎవరో ఒకరు కిందికి దిగుతారు, ఆ దిగేది కుక్క కాదు.

కారణం కొలతల్లో ఉంది. తొట్టి పొడవు ఇంచుమించు మీటరున్నర, వెడల్పూ దాదాపు అంతే, కానీ చక్రాల గూళ్ల మధ్య దొరికేది 1.1 మీటరే. మోడల్ మారితే ఒకటి రెండు సెంటీమీటర్లు మారతాయి కాబట్టి చెక్క కోయించేముందు మీ బండిని మీరే టేపుతో కొలుచుకోండి, లోపల పరిచే ప్లాస్టిక్ లైనర్ ఉంటే దాని మీద నుంచి. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి అంటే 173 సెంటీమీటర్లు. వెనక డోరు మూసి కాళ్లు చాపే వీల్లేదు. డోరు దించి, దాని మీదికి పడకని పొడిగిస్తే రెండు మీటర్ల దాకా వస్తుంది. అప్పుడు క్యానపీ (తొట్టి మీద బిగించే గూడు) వెనక అద్దం పైకి లేచే ఉంటుంది కాబట్టి ఆ ఖాళీకి దోమతెర, దానిపైన వానకి టార్పాలిన్ పరదా కుట్టించుకోవాలి. దించిన డోరుని పట్టుకునేవి రెండు తీగలే. ఇద్దరి బరువు రాత్రంతా వాటి మీద పెట్టడం మంచిది కాదు. పడక అంచుకి మడతపెట్టే రెండు కాళ్లు బిగించి నేలకి ఆనించండి, బరువు నేల మీదికి దిగిపోతుంది.

టయోటా హైలక్స్ తీసుకుంటే ఈ సమస్య తీరుతుందా అంటే తీరదు. 2022లో వచ్చిన ఆ బండిలో 204 పీఎస్ ఉంది, ఆటోమేటిక్ ఉంది, తొట్టి మాత్రం ఇంచుమించు ఇంతే. పడుకోవడం కోసం అంత డబ్బు ఎక్కువ పెట్టనక్కర్లేదు.

బరువు లెక్క చాలామంది వెయ్యరు. ఆర్‌సీలో స్థూల బరువు (నిండా ఎక్కించాక ఉండదగ్గ గరిష్ఠ బరువు), ఖాళీ బరువు రెండూ ఉంటాయి. ఆ తేడాలోంచి మనుషుల్నీ కుక్కనీ తీసేస్తే మిగిలేదే సామానుకి. తెల్ల బోర్డు డబుల్ క్యాబ్‌లో అది చూసి ఉలిక్కిపడేంత తక్కువ. ఫైబర్ క్యానపీ 60 నుంచి 80 కిలోలు. 18 మి.మీ. ప్లైవుడ్ 8×4 షీటు ఒక్కటే 35 కిలోలు దాటుతుంది, 12 మి.మీ. అయితే 24. నీళ్లు 40 లీటర్లంటే 40 కిలోలు. చిన్న ఫ్రిజ్ 15, లిథియం బ్యాటరీ 12. ఆటోనగర్‌లో చెప్పకుండా వదిలేస్తే లారీ బాడీ కట్టే అలవాటు కొద్దీ మందమైన ఇనుమే వేస్తారు. 25×25×2 మి.మీ. ఇనప పైపు మీటరుకి కిలోన్నర దాకా తూగుతుంది, అదే కొలతలో అల్యూమినియం అర కిలో. ఫ్రేముకి ఇరవై మీటర్లు పడితే తేడా 20 కిలోలు, అంటే రెండు రోజుల నీళ్లు. అల్యూమినియానికి వెల్డింగ్ వద్దు, కుదుపులకి అతుకు దగ్గరే పగులుతుంది. మూలలకి రేకు ముక్కలు వేసి రివెట్లు కొట్టించండి. మరీ ఖాళీగా కూడా తిప్పకూడదు సుమా. వెనక కమాన్లు బరువు కోసం చేసినవి, తొట్టి ఖాళీగా ఉంటే ఎగిరెగిరి పడతాయి. నూటేభై కిలోలు పడగానే బండి కుదురుగా నడుస్తుంది.

పడక పైచెక్కకి 12 మి.మీ. చాలు, కింద ప్రతి 35–40 సెంటీమీటర్లకి ఒక అడ్డపట్టీ ఉంటే. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్ రకం) ముద్ర చూసి కొనండి. కోసిన అంచులకి పీయూ (పాలీయూరిథేన్) రెండు కోటింగులు వెయ్యకపోతే మొదటి వానాకాలానికే పొరలు ఉబ్బుతాయి. చెక్క అంచులోకి స్క్రూలు బిగించవద్దు. గతుకుల రోడ్డు మీద నాలుగు వందల కిలోమీటర్లు తిరిగేసరికి వదులవుతాయి. చెక్కలో దిగే టీ–నట్లు, ఆరో నంబరు (6 మి.మీ.) బోల్టులు, కుదుపులకి వదులవ్వని నైలాక్ నట్లు వాడండి. ఫ్రేముని తొట్టిలో తాళ్లు కట్టే కొక్కేలకే బిగించాలి, తొట్టికి వెల్డింగ్ కొట్టనివ్వకూడదు. వెల్డింగ్ పడినచోట పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది.

పడక ఎత్తు ఎంతుండాలనేదే అసలు తగువు. క్యానపీ క్యాబిన్ ఎత్తుకే ఉంటే నేల నుంచి పైకప్పుకి 95 సెంటీమీటర్లు అటూ ఇటూ. కింద సామానుకీ పైచెక్కకీ కలిపి 32 సెంటీమీటర్లు, పైన 8 సెంటీమీటర్ల ఫోమ్ పోతే మిగిలేది 55. అందులో కూర్చోలేరు, పాక్కుంటూ వెళ్లి పడుకోవడమే. కూర్చోవాలంటే ఎత్తు క్యానపీ కొనాలి, దానికి గాలి తగిలి మైలేజీ పడిపోతుంది. ఒక్కరే వెళ్లేవాళ్లకి ఇంకో దారి ఉంది: 65 సెంటీమీటర్ల వెడల్పున సగం తొట్టికే పడక, మిగతా సగం ఖాళీ నేల. ఆ నేల కుక్కది. పగలు ఆ నేల మీదే కాళ్లు చాపుకుని మీరూ కూర్చోవచ్చు. ఈ బండిలో ఇంతకన్నా మంచి అమరిక లేదు.

సొరుగుల జోలికి పోవద్దు. వంటింటి టెలిస్కోపిక్ ఛానళ్లకి తాళం ఉండదు, ఎగుడు ఎక్కగానే జారి తెరుచుకుంటాయి. ఎర్రమట్టి బేరింగుల్లో చేరితే ఆ తర్వాత తెరుచుకోవు. మదనపల్లె మార్కెట్లో కనిపించే టమాటా క్రేట్లు 54×36 సెంటీమీటర్లు, ఎత్తు 29. పడక కింద 31 సెంటీమీటర్లు వదిలితే సరిగ్గా దూరతాయి, ఏడాదికొకటి పగిలినా బాధ లేదు. కింద నైలాన్ పట్టీ వేస్తే ఒక్క వేలితో లాగొచ్చు.

ఇక కుక్క సంగతి. బండి కదులుతున్నప్పుడు కుక్క తొట్టిలో ఉండకూడదు, క్యానపీ ఉన్నా సరే. వేగానికి వెనక గాలి సుడి తిరిగి డీజిల్ పొగని డోరు సందుల్లోంచి లోపలికే లాక్కొస్తుంది. ఏసీ అందదు, కనపడదు, పడిపోయినా మీకు తెలీదు. వెనక సీట్లో, ఛాతీకి వేసే హార్నెస్‌ని సీటు బెల్టు బకిల్‌కి తగిలించి కూర్చోబెట్టండి. మెడపట్టీకి తగిలిస్తే బ్రేకు వేసినప్పుడు ఆ కుదుపంతా గొంతు మీద పడుతుంది. కాళ్లు పెట్టుకునే గుంతలోకి జారకుండా సీటు ఎత్తుకి 12 మి.మీ. చెక్కతో వంతెన వెయ్యండి. ఇద్దరు మనుషులు వెళ్తే రాత్రి దాని పడకా ఇదే, కిటికీలు నాలుగు వేళ్లు దించి జాలీలు బిగిస్తే.

తొట్టి ప్లాస్టిక్ లైనర్ మీద కుక్క గోళ్లు జారతాయి. పశువుల కొట్టాల్లో పరిచే రబ్బరు మ్యాటు దీనికి దివ్యంగా పనిచేస్తుంది, కాకపోతే బరువెక్కువ. తొట్టంతా కాకుండా కుక్క ఉండే ముక్క వరకే కోయించి, సబ్బుతో కడిగి వారం ఎండబెడితే టైరు వాసన పోతుంది. దించిన డోరు నేల నుంచి 80 సెంటీమీటర్ల పైమాటే. ఏడెనిమిదేళ్లు దాటిన ల్యాబ్రడార్‌ని రోజుకి పదిసార్లు అంత ఎత్తు దూకనిస్తే తుంటి పోతుంది. ర్యాంపు 1.8 మీటర్లుంటే వాలు 27 డిగ్రీలు, చాలా కుక్కలు మొరాయిస్తాయి. 2.1 మీటర్లయితే 23 డిగ్రీలు, ఎక్కేస్తాయి. మధ్యలో కీలు పెట్టిన ప్లైవుడ్, పైన పీచు మ్యాటు చాలు. అల్యూమినియం ర్యాంపు ఎండలో పెనమే.

గోమార్లు ఇంకో తలనొప్పి. కుక్కని పట్టే గోధుమరంగు గోమారు పగుళ్లలో, కుట్ల మడతల్లో గుడ్లు పెడుతుంది. అందుకే చెక్క అతుకులన్నీ సీలెంట్‌తో మూసెయ్యాలి, పరుపుకి కుట్లు తక్కువగా ఉన్న రెగ్జిన్ తొడుగు వేసి విప్పి ఉతికేలా జిప్పు పెట్టించాలి. మందు పశువైద్యుణ్ని అడిగి బయల్దేరేముందే వెయ్యండి.

వేడి దగ్గర ఈ బండికి మార్కులు బాగా పోతాయి. ఎండలో మూసిన బండిలో పది నిమిషాల్లోనే బయటికన్నా పది డిగ్రీలు పెరుగుతుంది, గంటలో ఇరవై దాటుతుంది. కుక్క మామూలు ఒంటి వేడే 38.3–39.2 డిగ్రీలు, 41 దాటితే ప్రాణం మీదికొస్తుంది. పగ్‌లాంటి చప్పిడి ముక్కు జాతుల్ని ఈ ప్రయాణాలకి తేవద్దు. క్యానపీ తెల్లదే తీసుకోండి, లోపల 10 మి.మీ. రేకు అంటించిన ఎక్స్‌ఎల్‌పీఈ ఫోమ్ (వేడిని ఆపే ప్లాస్టిక్ ఫోమ్) వెయ్యండి, ఆగినప్పుడు పైన జానెడు ఎడంతో టార్పాలిన్ కట్టండి. ఆ ఎడంలేకపోతే టార్పాలిన్ వేడిని కిందికే దింపుతుంది. 12 వోల్టుల ఏసీ పెడదామా అంటే, 700 వాట్లు లాగే యంత్రం 100 యాంపియర్ అవర్ల బ్యాటరీని రెండు గంటల్లోపే ఖాళీ చేస్తుంది. కాబట్టి కుక్కతో ఈ బండిలో పడుకునే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. లంబసింగి, అరకు, మారేడుమిల్లి అప్పుడు హాయి. మే నెలలో గండికోట రాళ్ల మీద మాత్రం వద్దు.

ఏసీ లేకపోతే కరెంటు అవసరం తక్కువే. 35 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుంది. 35 డిగ్రీల వాతావరణంలో సగం సేపు నడిచినా రోజుకి 42 యాంపియర్ అవర్లు. రెండు ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే మరో 20. అంటే 100 యాంపియర్ అవర్ల ఎల్‌ఎఫ్‌పీ (ఒక రకం లిథియం) బ్యాటరీ ఒకటిన్నర రోజు వస్తుంది. బండి నడుస్తుండగా నింపుకోవడానికి ఇంజన్ వైపు కరెంటుని అదుపులో ఉంచి ఇచ్చే 30 యాంపియర్ల డీసీ–డీసీ ఛార్జర్ తప్పనిసరి. రిలే పెట్టి నేరుగా కలిపితే లిథియం బ్యాటరీ ఎంత ఇస్తే అంతా లాగి ఆల్టర్నేటర్‌ని (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేదాన్ని) కాల్చేసే ప్రమాదం ఉంది. వైరు దగ్గర పిసినారితనం వద్దు: ముందు బ్యాటరీ నుంచి తొట్టికి రానూపోనూ పది మీటర్లు, 30 యాంపియర్లకి 6 చ.మి.మీ. తీగలో 0.9 వోల్టు దాకా పోతుంది, 16 చ.మి.మీ. తీగలో 0.3. రెండు చివర్లా ఫ్యూజ్ ఉండాలి. 45 డిగ్రీలు దాటితే లిథియం బ్యాటరీని ఛార్జ్ చెయ్యకూడదు కనక పైకప్పు కింద కాకుండా తొట్టి నేల మీద పెట్టండి. ఫ్రిజ్ జాలీలో కుక్క బొచ్చు పేరుకుంటే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, మూడు రోజులకోసారి బ్రష్‌తో తుడవాలి.

వంట బయటే. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకయితే తొట్టి అడుగునే నిలుస్తుంది. 5 కిలోల సిలిండర్‌ని పడుకునేచోట ఉంచకండి. రాత్రిపూట ఇంజన్ ఆన్‌లో ఉంచి పడుకోకండి.

దుమ్మూ వానా రెండూ ఒకే సందులోంచి వస్తాయి: వెనక డోరు కింది అంచు. అక్కడ డి–ఆకారపు ఈపీడీఎం (వానకీ ఎండకీ ఆగే రబ్బరు) బీడింగ్ అంటించండి. క్యానపీకీ తొట్టి అంచుకీ మధ్య ఈపీడీఎం ఫోమ్ టేపు వాడండి, సిలికాన్ పూయనివ్వకండి. సిలికాన్ ఒకసారి పడితే ఆ చోట తర్వాత ఏదీ అంటదు, క్యానపీ తియ్యాలన్నా గోకాల్సిందే.

తియ్యగలగడం ముఖ్యం, ఎందుకంటే చట్టం అక్కడుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చెప్పింది. అదే చట్టం 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పూర్తి స్థాయి మోటార్ కారవాన్‌కైతే ఏఐఎస్–124 ప్రమాణం ఉంది, అది ఇంట్లో చేసుకునే పని కాదు. నాలుగు బోల్టులు విప్పితే బయటికొచ్చే పడక, క్రేట్లు సామానని చెప్పుకోవచ్చు. తొట్టికి వెల్డింగ్ కొట్టిన మంచం మార్పు కిందికి వస్తుంది. క్యానపీ బిగించేముందు ఆర్టీఏ ఆఫీసులో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజెయ్యండి.

పులుల అభయారణ్యాల్లోకి కుక్కని రానివ్వరు. పెంపుడు కుక్కల జబ్బులు అడవి జంతువులకి అంటుతాయి. శ్రీశైలం వెళ్లేవాళ్లకి మన్ననూర్–దోర్నాల అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసి ఉంటాయి. చీకటి పడేలోపు ఇవతలే ఆగి, ర్యాంపు దించి, రేబిస్ టీకా కార్డు డాష్‌బోర్డులో చేతికందేచోట పెట్టుకోండి.