ఆకా, పువ్వా, ఫోనా? చెన్నైలో మన నేల తీగని గుర్తుపట్టడానికి ఏది మేలు

నవంబర్‌లో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, చెన్నైలో ఖాళీ స్థలాల కంచెలన్నీ గరాటు పూలతో నిండిపోతాయి. ఊదా, గులాబి, తెలుపు, లేత పసుపు. వేళచ్చేరిలో మా తెలుగువాళ్ళం చాలామంది వాటన్నిటినీ ఒకే మాటతో పిలుస్తాం: మార్నింగ్ గ్లోరీ. కానీ అవన్నీ ఒకటి కావు. కొన్ని ఎప్పటినుంచో ఈ నేల మీద పాకుతున్నవి. కొన్ని అందం కోసం ఎవరో తెచ్చి నాటితే గోడ దూకి బయటికొచ్చినవి. ఏది ఏదో తేల్చుకోవడానికి మూడేళ్ళుగా ఫోనూ, పువ్వూ, ఆకూ, పాత పుస్తకమూ అన్నీ పట్టుకుని తిరుగుతున్నాను.

ముందుగా ఒక మాట. రంగుని మాత్రం నమ్మకండి. సముద్రం ఒడ్డున పాకే అడుంబు తీగ పువ్వు గులాబి కలిసిన ఊదా. రైలు పట్టాల పక్కన కంచెలెక్కే రైల్వే క్రీపర్‌దీ అదే రంగు. చెరువు గట్టున నిలబడే లొట్టపీసు పువ్వూ దాదాపు అంతే. నీళ్ళ మీద తేలే తూటికూర కూడా గులాబీగానో తెల్లగానో పూస్తుంది. నాలుగింటికీ గొంతు దగ్గర రంగు చిక్కగా ఉంటుంది. దూరం నుంచి పువ్వు చూసి పేరు చెప్పేవాళ్ళు ఊహించి చెబుతున్నట్టే.

ఆకు అంతకంటే చాలా మేలు. తిరువాన్మియూరు బీచ్‌లో ఇసుక దిబ్బ మీద పాకే తీగ దగ్గర కూర్చుని ఒక్క ఆకు చూడండి. మందంగా, నున్నగా, కొస దగ్గర రెండుగా చీలి మేక గిట్టలా ఉంటుంది. ఐపోమియా పెస్ కాప్రే అన్న దాని శాస్త్రీయ నామానికి అర్థం కూడా మేక పాదమే. పాత పుస్తకాల్లో ఐపోమియా బైలోబా అని ఉంటుంది, అంటే రెండు తమ్మెలది. కణుపు కణుపుకీ వేళ్ళు వేసుకుంటూ ఇసుకని పట్టి ఉంచుతుంది. గింజలు సముద్రపు నీళ్ళలో తేలుతూ ఒడ్డు నుంచి ఒడ్డుకి ప్రయాణం చేస్తాయి. తమిళంలో దీన్నే అడుంబు అంటారు. సముద్ర తీరపు నేపథ్యంతో సాగే, నెయ్దల్ తిణై అనే వర్గానికి చెందిన సంగం కవితల్లో ఈ పేరు కనిపిస్తుంది. ఇక్కడ పువ్వు లేకపోయినా, ఫోన్ ఇంట్లో మర్చిపోయినా ఇబ్బంది లేదు. ఉప్పు గాలి, ఇసుక, గిట్ట ఆకు. అంతే చాలు.

బీచ్ దాటి లోపలికి వస్తే మాత్రం ఆకు ఒక్కటే సరిపోదని నాకు గట్టిగానే అర్థమైంది. పళ్ళికరణై చిత్తడి నేల వైపు ఒక ఖాళీ స్థలంలో అయిదు వేళ్ళ చెయ్యిలాంటి ఆకులున్న తీగ కనిపించింది. మధ్యాహ్నం పన్నెండు. ఒక్క పువ్వూ విచ్చుకుని లేదు. పైనుంచి ఆకు ఫొటో తీసి ఫోన్ యాప్‌కి చూపిస్తే ఒక్క క్షణంలో రైల్వే క్రీపర్ అని చెప్పింది. అదే రాసుకుని వచ్చేశాను. ఆ తర్వాతి వారం అదే దారిలో సాయంత్రం అయిదింటికి వెళ్తే ఆ తీగ నిండా తెల్లటి పూలు! రైల్వే క్రీపర్ ఉదయం పూసేది, రంగూ ఊదా. దగ్గరికెళ్ళి ఆకుని వేలితో తడిమాను. గరుకు వెంట్రుకలు. కాడ మీదా వెంట్రుకలే. పువ్వుల కింద ఆకుల్లాంటి పుచ్ఛాలు గుత్తిగా చుట్టుకుని ఉన్నాయి. అది ఐపోమియా పెస్ టైగ్రిడిస్, అంటే పులి పాదం. మన నేల మొక్కే. వారం రోజులు దాన్ని పరాయి తీగ రైల్వే క్రీపర్‌గా లెక్క కట్టినందుకు నిజంగా బాధేసింది.

తప్పు ఫోన్‌ది అనడం కంటే నేను దానికి చూపించినది చాలలేదు అనడమే న్యాయం. ఆ రెండు తీగల ఆకులూ పైనుంచి చూస్తే అరచేతిలాగే ఉంటాయి. తేడా తెలిసేది తాకితేనే. రైల్వే క్రీపర్ ఆకు నున్నగా, మొదలు దాకా చీలి ఉంటుంది. ఆకు కాడ మొదట్లో బుల్లి బుల్లి ఆకుల్లాంటివి కూడా కనిపిస్తాయి. పులి పాదం ఆకు అంత లోతుగా చీలదు, ఒళ్ళంతా నూగు. నూగు ఫొటోలో పడాలంటే ఆకుని వెలుగుకి అడ్డంగా పెట్టి పక్కనుంచి తీయాలి.

ఇక గుండె ఆకారపు ఆకులున్న చిన్న పసుపు తీగల దగ్గర ఆకు ఇంకా వెనకబడిపోతుంది. అక్కడ పువ్వు లోపలికి తొంగి చూడాలి. లేత పసుపు లేదా మీగడ రంగు పువ్వు, సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పు, లోపల గొంతులో ముదురు ఊదా మచ్చ ఉంటే ఐపోమియా అబ్‌స్క్యూరా అనుకోవచ్చు. పువ్వు ఇంకా చిన్నదై, చిక్కటి పసుపు గంటలా ఉండి, లోపల మచ్చ లేకపోతే మెర్రెమియా హెడరేసియా వైపు చూడండి. ఆకు సన్నగా ఉండి మొదట్లో పళ్ళలాంటి మొనలుంటే అది మూడోది, జెనోస్టీజియా ట్రైడెంటాటా. దీన్ని కూడా పాత పుస్తకాలు మెర్రెమియాలోనే కలిపేశాయి. మూడూ మన నేలవే.

ఇంగ్లిష్ వెబ్‌సైట్లలో బైండ్‌వీడ్ అని వెతికితే వచ్చేవి ఎక్కువగా కాన్వాల్వులస్, కేలిస్టీజియా అనే వేరే తీగలు. ఆ ఫొటోలతో మన తీగలని పోల్చుకుంటే గందరగోళమే. పువ్వు మధ్యలో కీలాగ్రం, అంటే ఆడ భాగపు కొస చూడండి. గుండ్రటి బొడిపెలా ఉంటే ఐపోమియానో మెర్రెమియానో, రెండు సన్నటి పోగుల్లా చీలితే కాన్వాల్వులస్. పువ్వు వెనక రెండు పెద్ద డొప్పలు రక్షకపత్రాలని (పువ్వు అడుగున ఉండే చిన్న ఆకుల్లాంటివాటిని) కప్పేస్తే కేలిస్టీజియా.

కీలాగ్రం చూడడం నాకు అలవాటైంది మా అత్తయ్య వల్ల. నెల్లూరు నుంచి వచ్చినప్పుడు నన్మంగళం అడవి అంచుకి తీసుకెళ్ళాను. గడ్డిలో నేలకి అంటుకున్న ఓ చిన్న నీలి పువ్వుని చూపించి, “ఒరేయ్, ఇది మన చవితి పత్రిలో విష్ణుక్రాంత కదూ!” అంది. అప్పటిదాకా అది ఈ మార్నింగ్ గ్లోరీ కుటుంబమే కాదనుకున్నాను, అది దేనికీ చుట్టుకోదు కాబట్టి. భూతద్దం పెట్టి చూస్తే కీలాలు రెండు, ఒక్కోటి మళ్ళీ రెండుగా చీలి ఉంది. ఇవాల్వులస్ ఆల్సినాయిడిస్, ఈ కుటుంబంలోదే. ఇరవై ఒక్క పత్రాల పూజ తెలిసిన కన్ను ఏ యాప్‌కీ తీసిపోదు.

పుస్తకం సంగతి త్వరగా చెబుతాను. మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల మీద వృక్షశాస్త్రజ్ఞుడు గాంబుల్ మొదలుపెట్టి, ఆయన పోయాక ఫిషర్ పూర్తి చేసిన గ్రంథం 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కోస్తా, రాయలసీమ కూడా అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోవే కాబట్టి పండక్కి ఊరెళ్ళినా అదే పనికొస్తుంది. బొమ్మలుండవు, పేర్లు మారిపోయాయి, తర్వాత వచ్చిన మొక్కలు అందులో దొరకవు. రెండు పేర్ల మధ్య ఆగిపోయినప్పుడు తెరవడానికి అంతకంటే మంచిది నాకు తెలియదు. మొదటి రోజే తెరిస్తే మాత్రం టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఫోన్‌ని నేను పక్కన పెట్టలేదు. ఐపోమియానా, మెర్రెమియానా అని దారి చూపించడంలో అది చాలా ఉపయోగం. మొక్కల, జంతువుల ఫొటోలు పెట్టి పేరు తేల్చుకునే ఐనాచురలిస్ట్ లాంటి చోట పెడితే ఇంకా మేలు, ఎందుకంటే అక్కడ మనుషులు కూడా చూస్తారు. ఫొటో, తేదీ, చోటు ఉండి, పేరు మీద మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒప్పుకుంటేనే అది నమ్మదగిన రికార్డవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం ఫోన్ మాట అస్సలు వినకండి: కూరకి కోసేటప్పుడు. తూటికూర తినేది, లొట్టపీసు విషం, మేకలూ పశువులూ తిని జబ్బు పడతాయి. రెండింటి పువ్వులూ ఒకేలా ఉంటాయి. కాడ బోలుగా ఉందా అన్న పరీక్ష కూడా చాలదు, ఎందుకంటే లొట్టపీసు కాడ కూడా బోలుగా ఉండవచ్చు. తూటికూర నీళ్ళ మీదో బురదలోనో పాకుతుంది. లొట్టపీసు మనిషెత్తు పొదలా నిలబడుతుంది. ఏ కాస్త అనుమానం ఉన్నా వదిలేయండి.

కాబట్టి నన్నడిగితే బీచ్‌లో ఆకు మేలు, పసుపు పూల దగ్గర పువ్వు గొంతు మేలు, అరచేతి ఆకుల దగ్గర నూగూ వేళా మేలు. ఒకే ఒక్క ఫొటో తీసే వీలుంటే పువ్వు ముఖం తీయకండి. తీగని కొంచెం వెనక్కి తిప్పి, రక్షకపత్రాలూ కాడా ఆకూ ఒకే ఫ్రేములో పడేలా తీయండి. అరచేతి ఆకుల తీగ మధ్యాహ్నం పువ్వు లేకుండా కనిపిస్తే, అదే రోజు సాయంత్రం మళ్ళీ ఓసారి వెళ్ళి చూడండి.