ముప్పై సెకన్ల గీత: ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో బతుకుతూ ఆరున్నరేళ్లు వాడిన చేతి ఇసిజి పరికరం

నాకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకునే జబ్బు, ఉందని తేలి ఎనిమిదేళ్లు దాటింది. ఈ ఏళ్లలో మూడుసార్లు కార్డియోవర్షన్ (తప్పిన లయను తిరిగి దారిలో పెట్టే చికిత్స), రెండుసార్లు అబ్లేషన్ (గుండెలో దడ పుట్టే చోట్ల కాల్చే చికిత్స) జరిగాయి. చేసిన ప్రతిసారీ గుండె కొన్నాళ్లు దారిలో పడింది, ఆ తర్వాత మళ్లీ లయ తప్పింది. 2019 సంక్రాంతికి మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ తెచ్చిన చిన్న ఇసిజి పరికరం అప్పటినుంచీ నా చేతిసంచిలో ఉంటోంది. ఇదే జబ్బుతో అవస్థపడేవాళ్లు, ముఖ్యంగా అబ్లేషన్ చేయించుకున్నాక కూడా దడ తిరగబెట్టినవాళ్లు, అది కొనవచ్చా అని నన్ను అడుగుతూ ఉంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పిన మాటలన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

దీని అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. 2016లో ఒక మధ్యాహ్నం బ్యాంకు మెట్లు ఎక్కుతుండగా గుండె గుప్పిట్లో చిక్కిన పిచ్చుకలా కొట్టుకుంది. ఆటోలో ఆసుపత్రికి చేరి, చీటీ రాయించుకుని, వరుసలో కూర్చుని, ఇసిజి తీసే వేళకు అంతా సర్దుకుంది. కాగితం మీద అంతా మామూలుగానే ఉంది. ఏడాది తిరిగేలోగా ఇలా మూడుసార్లు జరిగింది. ఒకరు గాభరా అన్నారు, ఒకరు వయసు మార్పులన్నారు, ఇంకొకరు నిద్రమాత్ర రాశారు. చివరికి 2017లో ఒంటికి తగిలించుకున్న 24 గంటలూ గుండె లయను నమోదు చేసే హోల్టర్ యంత్రంలో రాత్రి రెండింటి ప్రాంతంలో దొంగ దొరికింది. నిజంగా అనుభవించిన బాధను ఎదుటివాళ్లు నమ్మకపోతే మనిషి ఎంత కుంగిపోతుందో నాకు ఆ ఏడాదిలో తెలిసింది. దడ వచ్చినప్పుడే, ఉన్నచోటనే, దాన్ని కాగితం మీదికి ఎక్కించగలగడం నా దృష్టిలో ఈ పరికరం చేసే మొదటి మేలు.

అది పనిచేసే తీరు తేలికైనదే. రెండు లోహపు పలకల మీద రెండు చేతుల వేళ్లూ ఆనించి ముప్పై సెకన్లు కదలకుండా కూర్చుంటే, కుడిచేతికీ ఎడమచేతికీ మధ్య గుండె పుట్టించే విద్యుత్తు ఫోను తెర మీద గీతగా సాగుతుంది. ఇది కొత్త విద్య కాదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెమ్ ఐంథోవెన్ రోగుల చేతులను, ఒక కాలిని ఉప్పునీటి కుండల్లో ముంచి ఉంచి, గదంతా ఆక్రమించే యంత్రంతో ఇదే కొలిచాడు. అందుకే 1924లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. గుండె విద్యుత్తును ఒక కోణం నుంచి చూపే గీతను లీడ్ అంటారు. ఆయన మొదటి లీడ్ అని పేరు పెట్టిన గీతే ఇప్పుడు నా వేళ్ల మధ్య కనిపిస్తోంది. ఆయనకు ఉప్పునీరు ఎందుకు కావలసివచ్చిందో చలికాలంలో నాకూ అర్థమైంది. చర్మం పొడిబారి ఉన్నప్పుడు గీత అంతా గజిబిజిగా వస్తుంది, వేళ్లను తడిగుడ్డతో అద్దుకుని ఆనిస్తే శుభ్రంగా వస్తుంది. వంటింట్లోంచి నూనె చేత్తో వచ్చి తీస్తే అసలు పనికిరాదు. మోచేతులు బల్ల మీద ఆనించాలి, మాట్లాడకూడదు, ఫోనుకు చార్జర్ తగిలించి ఉంటే తీసేయాలి. నాకు మొదటి నెలలో వచ్చిన ఫలితాల్లో సగం పైగా ‘తేల్చలేకపోయాం’ అని ఉండటానికి కారణం గుండె కాదు, నా చేతులు.

గీతలో ఏం చూడాలో మా డాక్టరుగారు మొదటిరోజే పెన్నుతో గుర్తుపెట్టి చూపించారు. ఆరోగ్యంగా ఉన్న లయలో ప్రతి పెద్ద శిఖరానికీ ముందు చిన్న గుట్టలాంటి ‘పి’ తరంగం ఉంటుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గదులైన కర్ణికలు నిమిషానికి 350 నుంచి 600 సార్లు వణుకుతుంటాయి కనుక ఆ గుట్ట మాయమవుతుంది. పై గదులకూ కింది గదులకూ మధ్య కాపలాదారులా ఉండే ‘ఏవీ నోడ్’ ఆ వణుకులన్నిటినీ కిందికి వదలదు, కొన్నిటిని మాత్రమే, అదీ ఒక వరుస లేకుండా వదులుతుంది. అందుకే శిఖరాల మధ్య దూరాలు ఒకదానితో ఒకటి కలవవు. ఒక లీడ్ గీత మీద జబ్బును నిర్ధారించడానికి వైద్యులు కోరేది కూడా కనీసం ముప్పై సెకన్ల రికార్డే. ఆ మాట తెలిశాక, ఇరవై సెకన్లకే విసుగుపుట్టి వేళ్లు తీసేసే అలవాటు మానుకున్నాను.

నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది మాత్రం ఒక నోటుపుస్తకం. డాక్టరుగారి సలహా మీద, పరికరం పట్టుకోవడానికి ముందే ‘ఇది దడే’, ‘ఇది కాదు’ అని నా ఊహ రాసి, ఆ తర్వాత వచ్చిన ఫలితాన్ని పక్కన రాసేదాన్ని. మూడు నెలలయ్యేసరికి నా ఊహలు ఎంత తరచుగా తప్పుతున్నాయో చూసి ఆశ్చర్యపోయాను. గుండె ఒక్కసారి ఆగి, ధడాలున దూకి, లోపల ఏదో జారిపోయినట్టుండే ఆ భయంకరమైన అనుభూతి చాలాసార్లు విడిగా వచ్చే అదనపు స్పందన మాత్రమే. లయ మామూలుగానే ఉంది. దానికి భిన్నంగా, తెల్లవారి లేచి కాఫీ తాగుతూ, ఒంట్లో ఏ ఇబ్బందీ లేకుండా, అలవాటుగా తీసిన గీతలో ‘పి’ తరంగమే లేదు. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ వేసుకుంటున్నాను కనుక నాడి ఎనభైలోనే ఉంది, అందుకే నాకు తెలియలేదు. నా ఒంటి సంగతి నాకు తెలియదా అనుకునేదాన్ని. ఈ జబ్బు విషయంలో ఆ నమ్మకం పనికిరాదు.

2019 నవంబరులో మొదటి అబ్లేషన్ జరిగింది. ఈ దడను రాజేసే నిప్పురవ్వలు ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి రక్తం తెచ్చే సిరల మొదట్లో పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 45 మంది రోగుల్లో చూపించారు. ఆ సిరల చుట్టూ కాల్చి మచ్చల గోడ కట్టడమే ఈ చికిత్స. పంతొమ్మిదో రోజు రాత్రి దడ వచ్చింది. గీత తీస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే వచ్చింది. లక్షలు పోసి చేయించుకున్నది వృథా అయిందని తెల్లవార్లూ ఏడ్చాను. మొదటి మూడు నెలల్లో కాల్చినచోట వాపు వల్ల ఇలా రావచ్చునని, దాన్ని విఫలమైనట్టు లెక్కపెట్టరని పొద్దున డాక్టరుగారు చెప్పారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి నాకు తప్పేది. చేయించుకోబోతున్నవాళ్లు ఆ మూడు నెలల సంగతి ముందే అడిగి తెలుసుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

పరికరం తడబడ్డ సందర్భం 2020 సెప్టెంబరులో వచ్చింది. కోవిడ్ రోజులు, ఆసుపత్రి గడప తొక్కాలంటే భయం. ఒక సాయంత్రం నాడి 150కి వెళ్లింది. పరికరం ‘గుండె వేగం ఎక్కువగా ఉంది’ అని మాత్రమే చెప్పి ఊరుకుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనలేదు. శిఖరాల మధ్య దూరాలు కొలిచి గీసినట్టు సమంగా ఉన్నాయి కనుక నేనూ కాస్త కుదుటపడ్డాను. నాకు అనుమానం తెచ్చింది మరొకటి: కూర్చున్నా 150, పడుకున్నా 150, గదిలో నడిచి వచ్చినా 150, గంట తర్వాత తీసినా 150. మామూలు గుండె వేగం విశ్రాంతికి తగ్గుతుంది, నడకకు పెరుగుతుంది, ఇలా ఒకేచోట మేకు కొట్టినట్టు నిలబడదు. నాలుగు గీతల పీడీఎఫ్‌లను వాట్సాప్‌లో పంపితే, ‘అమ్మా, వెంటనే వచ్చి పన్నెండు లీడ్ల ఇసిజి తీయించుకోండి’ అని సమాధానం వచ్చింది. అది ఏట్రియల్ ఫ్లట్టర్. పై గది నిమిషానికి 300 సార్లు గిరగిరా తిరుగుతుంటే, రెండింటిలో ఒకటి కిందికి దిగుతోంది. అబ్లేషన్ మచ్చల చుట్టూ దారి చేసుకుని ఇలాంటిది పుట్టడం తెలిసిన విషయమే. 2021 మొదట్లో రెండో అబ్లేషన్ చేసినప్పుడు ఆ దారిని మూసేశారు. మొదటిసారి చుట్టూ కాల్చి వేరుచేసిన నాలుగు సిరల్లో రెండింటికి తిరిగి కరెంటు అతుక్కుందని కూడా అప్పుడే తెలిసింది. అందుకే అబ్లేషన్ చేయించుకున్నవాళ్లు పరికరం ఇచ్చే ఒక్క వాక్యం చదివి ఊరుకోకూడదు, గీతను డాక్టరుకు చూపించాలి.

రెండో అబ్లేషన్ తర్వాత పదునాలుగు నెలలు హాయిగా గడిచాయి. 2022 వేసవిలో దడ తిరిగి వచ్చింది, మూడో కార్డియోవర్షన్ చేయవలసి వచ్చింది, ఆ తర్వాత నేను ఈ పరికరానికి బానిసనయ్యాను. ఒకరోజు లెక్కచూసుకుంటే ఇరవై ఆరు గీతలు ఉన్నాయి. భయం వేస్తే తీయడం, తీసినకొద్దీ భయం పెరగడం, ఆ భయానికి నాడి పెరిగితే మళ్లీ తీయడం. మావారు పరికరం దాచిపెట్టే దాకా వచ్చింది. ‘పొద్దున ఒకటి, దడ అనిపిస్తే ఒకటి, అంతకు మించి తీసినవి నాకు పంపకండి’ అని డాక్టరుగారు నియమం పెట్టారు. మొదటి రెండు వారాలు కష్టమైంది, తర్వాత అలవాటైంది. మిగతా వేళల్లో మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి నాడి చూసుకుంటాను. అది సమంగా నడుస్తోందో లేదో తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

ఒక విషయంలో ఎవరూ పొరపడకూడదు. పరికరం నెలలపాటు ‘మామూలు లయ’ అని చూపించినా రక్తం పల్చబడే మాత్ర ఆపకూడదు. కర్ణికలు వణికేటప్పుడు ఎడమ కర్ణికకు సంచిలా ఉండే మూలలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు వెళితే పక్షవాతం. నేను కూడా ఆపమని అడిగాను. డాక్టరుగారు పక్షవాతం ముప్పును వేళ్ల మీద లెక్కపెట్టారు: బీపీకి ఒకటి, షుగరుకు ఒకటి, నిరుడు 65 దాటాక వయసుకు మరొకటి చేరింది. ఆ లెక్కలో అబ్లేషన్ జరిగిందా లేదా అనే ప్రశ్నే లేదు. రక్తం పల్చబడటానికి మొదట్లో ఎసిట్రోమ్ వాడినన్నాళ్లూ, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలు, ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ కాకుండా చూసుకోవడం ఉండేవి. ఇప్పుడు దాని బదులు అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు రెండుపూటలా వేసుకుంటున్నాను. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పరికరం కోసం వెతకకుండా 108కి ఫోన్ చేయాలి, ఎందుకంటే గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఛాతీనొప్పి వచ్చినా అంతే. ఒక్క లీడ్ గీత గుండెపోటును పట్టుకోలేదు.

పక్కింటి వదిన చేతిగడియారంలో కూడా ఇసిజి వస్తుంది, పైగా అది మనకు తెలియకుండానే నాడిని గమనిస్తూ లయ తప్పితే హెచ్చరిస్తుంది. నాలా తెలియకుండా దడ వచ్చేవాళ్లకు ఆ సౌకర్యం విలువైనదే. అయితే దానికి రోజూ చార్జింగ్ పెట్టాలి. నా దానికి ఇన్నేళ్లలో మార్చినవి నాలుగు బొత్తాం బ్యాటరీలు. నాకు నచ్చనిది యాప్. రెండుసార్లు ఫోను మార్చవలసి వచ్చింది, పాత గీతల చరిత్ర కావాలంటే ఇప్పుడు నెలనెలా డబ్బు అడుగుతోంది. అందుకే దడ వచ్చిన రోజుల గీతలన్నీ పీడీఎఫ్‌గా దాచి, మూడు నెలలకొకసారి ప్రింటు తీయించి ఫైలులో పెడుతున్నాను.

ఇప్పుడు నెలకు ఒకటి రెండుసార్లు దడ వస్తుంది, నాలుగైదు గంటలు ఉండి పోతుంది. 78 కిలోల నుంచి 69కి తగ్గడం నాకు రెండో అబ్లేషన్ ఎంత పనిచేసిందో అంత పనిచేసిందని ఫైలులోని గీతలు చూస్తే అనిపిస్తుంది; బరువులో పదోవంతు తగ్గి నిలబెట్టుకున్నవాళ్లకు ఈ జబ్బు బాగా అదుపులోకి వస్తుందని 2015లో ఆస్ట్రేలియా వైద్యులు కూడా చూపించారు. మూడో అబ్లేషన్, ఈసారి వేడితో కాకుండా క్షణకాలపు విద్యుత్ తాకిడులతో చేసే పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతిలో, చేయించుకోవచ్చునని అంటున్నారు. ఆరు నెలల గీతలు ముందు పెట్టుకుని మాట్లాడుకున్నాక చెబుతానన్నాను.

కొనదలచినవాళ్లు ఒక పని మాత్రం తప్పక చేయాలి. లయ బాగున్న రోజు చూసి పరికరాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, పన్నెండు లీడ్ల ఇసిజి తీసిన బల్ల మీదనే దీనితోనూ ఒక గీత తీయించుకుని, మీ ‘పి’ తరంగం ఎలా ఉంటుందో ఆయనచేత గుర్తు పెట్టించుకోవాలి. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. పొద్దున తీసిన గీతను రోజూ దాని పక్కన పెట్టే చూస్తాను.