టాప్‌అప్, ఎమ్‌సీఫ్లర్ట్: ఆరేళ్లు వాడాక

మా ల్యాబ్‌లో 3 టెస్లా స్కానర్ మీద తీసే ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడు పనిచేస్తుండగా వరుసగా బొమ్మలు తీసే ఎంఆర్‌ఐ) డేటాను శుభ్రం చేసే పని ఆరేళ్లుగా నా నెత్తిన ఉంది. అందుకు నేను వాడేవి ఆక్స్‌ఫర్డ్ వాళ్ల ఎఫ్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలోని రెండు టూల్స్. బొమ్మలో వంకర తీసేది టాప్‌అప్, తల కదలికను సర్దేది ఎమ్‌సీఫ్లర్ట్. ఈమధ్య ఎక్కువగా ఈ దశలన్నీ వరుసగా నడిపే ఎఫ్‌ఎంఆర్‌ఐప్రెప్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారానే నడుపుతున్నా, లోపల పనిచేసేవి ఇవే.

వంకర ఎందుకొస్తుందంటే, ముక్కు వెనక సైనస్‌లలో, చెవుల లోపల గాలి ఉంటుంది. గాలీ కణజాలమూ కలిసే చోట అయస్కాంత క్షేత్రం సమంగా ఉండదు. ఎఫ్‌ఎంఆర్‌ఐకి వాడే వేగవంతమైన ఈపీఐ స్కాన్‌లో ఆ తేడా అంతా ఫేజ్ ఎన్‌కోడింగ్ దిశలో, అంటే స్కానర్ నెమ్మదిగా చదివే అక్షం వెంట, బయటపడుతుంది. కళ్ల పైనున్న మెదడు భాగం చపాతీ పిండిని వేలితో లాగినట్టు సాగిపోతుంది, లేదా నొక్కుకుపోతుంది. అదే స్కాన్‌ను దిశ తిప్పి ఇంకోసారి తీస్తే అక్కడ సాగింది ఇక్కడ నొక్కుకుంటుంది. ఈ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకుని అసలు ఆకారం ఎక్కడుండాలో టాప్‌అప్ లెక్కగడుతుంది. అదనంగా తీయాల్సిన స్కాన్‌కు అర నిమిషం కూడా పట్టదు. అయినా దాన్ని తీయకుండా వదిలేసిన పాత డేటాసెట్లు ఇప్పటికీ నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

ఫలితం మాత్రం నిజంగా బాగుంటుంది. ఎఫ్‌ఎంఆర్‌ఐప్రెప్ రిపోర్టులో మౌస్ పెడితే ముందూ తర్వాతా బొమ్మలు మారుతూ కనిపిస్తాయి. నుదుటి వైపు అంచు వెనక్కి జరిగి టీ1 స్కాన్ (మెదడు ఆకారాన్ని వివరంగా చూపే ఎంఆర్‌ఐ) గీతల్లో సరిగ్గా కూర్చోవడం ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కాకపోతే ఒకటి, జరిగిపోయిన సిగ్నల్‌ను ఇది చోటుకు చేరుస్తుంది కానీ అసలు ఆరిపోయిన సిగ్నల్‌ను తేలేదు. కళ్ల వెనక నల్లటి గుంట టాప్‌అప్ తర్వాత కూడా గుంటే. కొత్తగా చేరినవాళ్లు మొదట నిరాశపడేది ఇక్కడే.

నాకు దెబ్బ తగిలింది మాత్రం ఇంకోచోట. టాప్‌అప్‌కు దిశలు చెప్పే చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది, ఒక్కో వరుసలో నాలుగు అంకెలు. మొదటి మూడూ దిశ, నాలుగోది సెకన్లలో రీడౌట్ సమయం, అంటే ఒక్కో పొర బొమ్మ సిగ్నల్ చదవడానికి పట్టే సమయం. అన్ని వరుసల్లోనూ ఒకే సమయం ఉన్నంతవరకూ అది కాస్త తప్పినా కొంప మునగదు, టాప్‌అప్ ఇచ్చే క్షేత్రం మ్యాప్‌లో హెర్ట్జ్ అంకెలు తేడా వస్తాయంతే. రెండు దిశలూ కలిసి తారుమారైనా తప్పుకు తప్పు కొట్టుకుపోతుంది. కానీ అసలు రన్ (ఒక విడతగా తీసిన ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్) ఏ వరుసకు చెందిందో తప్పు నంబరిస్తే, దిద్దుబాటు అటు వెళ్లాల్సింది ఇటు వెళ్లి వంకర రెట్టింపవుతుంది. ఎర్రర్ రాదు, టెర్మినల్ హాయిగా ముగిసిపోతుంది. నేను పదకొండు మంది డేటాను అలా పాడుచేసుకుని, అందరి ఫలితాలూ కలిపిన గ్రూప్ మ్యాప్‌లో యాక్టివేషన్ పుర్రె బయట వెలిగాక కానీ మేలుకోలేదు. అప్పటి టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

స్లైసులు, అంటే బొమ్మలోని పొరలు, బేసి సంఖ్యలో ఉంటే టాప్‌అప్ మామూలు కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్ ఒప్పుకోదు. మొదట్లో అడుగు స్లైస్ కోసేసేవాళ్లం, చిన్నమెదడు అంచు పోయేది. ఇప్పుడు బేసికీ పనిచేసే కాన్ఫిగ్ ఉంది, కొయ్యకండి.

ఎమ్‌సీఫ్లర్ట్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. వేగంగా నడుస్తుంది, రన్‌లోని మధ్య వాల్యూమ్‌కు (వాల్యూమ్ అంటే ఒకసారి తీసిన మొత్తం మెదడు బొమ్మ) మిగతావన్నీ సర్దుతుంది, వాల్యూమ్‌కు ఆరు అంకెలిస్తుంది. జాగ్రత్తగా ఉండాల్సింది ఆ అంకెల వరుస దగ్గర. ఇందులో ముందు తిరుగుడు రేడియన్లలో, తర్వాత జరుగుడు మిల్లీమీటర్లలో. ఎస్‌పీఎమ్ అనే ఇంకో ప్యాకేజీలో ఇది తిరగబడి ఉంటుంది. తలను 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళంగా తీసుకుని ఫ్రేమ్‌వైజ్ డిస్‌ప్లేస్‌మెంట్ (ఒక వాల్యూమ్ నుంచి తర్వాతి దానికి తల ఎంత కదిలిందనేది) లెక్కించేటప్పుడు 0.01 రేడియన్ తిరిగితే అర మిల్లీమీటరు కదిలినట్టు. నిలువు వరుసలు కలగలిపితే కదలని మనిషి గంతులేసినట్టు, గంతులేసినవాడు బుద్ధిగా పడుకున్నట్టు వస్తుంది.

బొమ్మలు సర్దినంత మాత్రాన కదలిక జాడ పోదు. 2012లో మూడు బృందాలు విడివిడిగా చూపించింది ఇదే: కొద్దిపాటి కదలిక చాలు, మెదడులో దగ్గరి ప్రాంతాల మధ్య కనెక్టివిటీ (సిగ్నళ్లు కలిసి మారడం) ఎక్కువగా, దూరపు వాటి మధ్య తక్కువగా కనిపించడానికి. అందుకే రెస్టింగ్ స్టేట్ డేటాలో (ఏ పనీ ఇవ్వకుండా ఊరికే పడుకోబెట్టి తీసేది) ఈ కదలిక 0.5 మిల్లీమీటర్లు దాటిన వాల్యూములను నేను విడిగా గుర్తుపెట్టి మోడల్ నుంచి తప్పిస్తాను. పిల్లల డేటాలో ఇలా చేశాక కొన్నిసార్లు మిగిలేదే తక్కువ.

ఒకసారి టాప్‌అప్ కోసం జంట స్కాన్లు తీశాక మైకులో "బాగానే ఉన్నారా అమ్మా?" అని అడిగాను. ఆవిడ పెద్దావిడ, మర్యాదగా తల ఊపారు. అంతే, వంకర కొలిచింది ఒక తీరున ఉన్న తలకి, రన్ తీసింది ఇంకో తీరుకి. తల వంపు మారితే క్షేత్రం కూడా మారుతుంది, పాత మ్యాప్‌ను తిప్పి అతికించినా పూర్తిగా కుదరదు. ఆ రోజు నుంచి జంట స్కాన్లు ప్రతి రన్‌కు ముందూ తీస్తున్నాం. ప్రశ్నలకు బజర్ నొక్కి జవాబివ్వమని చెప్పడమే కాక, నుదుటి మీదుగా కాయిల్ (తల చుట్టూ ఉండి సిగ్నల్ పట్టే చట్రం) రెండు పక్కలకూ మెడికల్ టేపు అంటిస్తున్నాం. తల కదిలితే చర్మం లాగినట్టయి వాళ్లకే తెలుస్తుంది. స్కాన్ అయ్యాక టేపు తీస్తుంటే ఆడవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: "బొట్టు చెరిగిపోయిందా బాబూ?"