కెమెరా రిపేరా, సెల్‌ఫోన్ రిపేరా?

విజయవాడలో కెమెరా మెకానిక్‌లకు ఇప్పుడు ఇదే టెన్షన్. సెల్‌ఫోన్లకైతే గిరాకీకి కొదవ లేదు. డిస్‌ప్లేలు, బ్యాటరీలు మార్చినా రోజు గడుస్తుంది. కాకపోతే బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల సందు సందునా పోటీ.

కెమెరాలకు పెళ్లిళ్ల సీజన్‌లో తప్ప బేరాలు తక్కువ. స్పేర్ పార్టులు దొరకడమూ కష్టమే. పైగా మిర్రర్‌లెస్ కెమెరాల్లో లోపలి అద్దం, దాన్ని లేపే మెకానిజమే ఉండవు, కాబట్టి ఆ రిపేర్లూ రావు. అయినా మన తేమకు లెన్సుల్లో ఫంగస్ పడుతూనే ఉంటుంది. లోపలి గ్లాసులు వరుస తప్పకుండా విప్పి, తుడిచి, అదే దిశలో బిగించాలి. ఫంగస్ గ్లాసు మీది పల్చటి కోటింగ్‌ని తినేస్తే ఆ మచ్చ ఇక పోదు. ఫ్లాష్ విప్పితే ముందు కెపాసిటర్ (కరెంటు నిల్వ ఉంచే భాగం) డిశ్చార్జి చేయాలి, అందులో 300 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. ఇంత పనితనం వదులుకోవడం నాకు నచ్చదు. ఇల్లు గడవడానికి ఫోన్లు పట్టండి, లెన్సుల పని మాత్రం మానకండి.