రకం పేరు చెప్పని బ్లూబెర్రీ మొక్క కొనకండి

ఇంట్లో బ్లూబెర్రీ పెంచుదామని ఆన్‌లైన్‌లో మొక్కలు వెతుకుతున్నారా? ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. నాకు అంటగట్టినట్టు ఇంకొకరికి అంటగట్టకూడదనే రాస్తున్నాను.

ప్రకటనలో ఏముందంటే, ఏ వాతావరణంలోనైనా పెరుగుతుందట, మొదటి ఏడాదే కాపట, బెర్రీల కోసం ప్రత్యేకంగా కలిపిన మట్టితో సహా పంపుతారట. వచ్చిన కుండీ పెద్దదే. కానీ మొదలు పట్టుకుని మొక్కని కాస్త పైకి లేపగానే మట్టంతా జలజలా రాలిపోయింది. చేతిలో మిగిలింది జానెడు కొమ్మ, దానికి నాలుగు సన్నని వేళ్ళు. కుండీలో కొన్నాళ్ళు పెరిగిన మొక్కయితే వేళ్ళు మట్టిని పట్టుకుని ముద్దలా వస్తాయి. ఇది పంపే ముందు పెద్ద కుండీలోకి మార్చిన కటింగ్ (కొమ్మ కత్తిరించి వేళ్ళు రప్పించిన చిన్న మొక్క), అంతే. ధర మాత్రం పెద్ద మొక్కది తీసుకున్నారు.

ఆ ప్రత్యేక మట్టి సంగతి ఇంకా అన్యాయం. కొత్త ఆకులు పసుపు పచ్చగా వచ్చాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. మొక్కకి ఇనుము అందకపోతే ఇలా అవుతుంది. అమ్మినవాళ్ళని అడిగితే ఎరువు వేసి నీళ్ళు బాగా పోయమన్నారు. అనుమానం వచ్చి మట్టిని పరీక్షిస్తే పీహెచ్ (ఆమ్లత్వం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 7 దాటి ఉంది! బ్లూబెర్రీకి 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. పీహెచ్ అంత ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళు తీసుకోలేవు, ఎరువు ఎంత వేసినా లాభం ఉండదు. పైగా ఈ మొక్క వేళ్ళు చాలా సన్నవి, పైపైనే పాకుతాయి, నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతాయి. వాళ్ళ సలహా విని ఉంటే మొక్క అప్పుడే పోయేది.

పైన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కనిపించిందని ఆమ్ల మట్టే అనుకోకండి. బ్లూబెర్రీకి కావలసినంత ఆమ్లత్వం కోకోపీట్‌లో సాధారణంగా ఉండదు, చిత్తడి నేలల్లో నాచు కుళ్ళి ఏర్పడే పీట్ మాస్‌లో ఉంటుంది. గంధకం పొడి కలిపితే పీహెచ్ తగ్గుతుంది కానీ మట్టిలోని బాక్టీరియా దాన్ని మార్చాలి, అందుకు నెలలు పడుతుంది. సున్నం ఎక్కువున్న నీళ్ళు పోస్తూ ఉంటే మళ్ళీ మొదటికొస్తుంది. వాన నీళ్ళు పట్టుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు.

అన్నిటికన్నా ముఖ్యం రకం. ఏ వాతావరణంలోనైనా కాసే బ్లూబెర్రీ లేదు. నార్తర్న్ హైబుష్ అనే చలి ప్రాంతాల బ్లూబెర్రీ రకాలకి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి సుమారు 800 నుంచి 1000 గంటలు తగలాలి, లేకపోతే పూత సరిగా రాదు. చలి అంతగా లేని చోట సదరన్ హైబుష్ తీసుకోవాలి. మిస్టీ, బిలాక్సీ, షార్ప్‌బ్లూ ఆ కోవవే. రాబిట్‌ఐ అనే ఇంకో కోవ బ్లూబెర్రీ అయితే పక్కన ఇంకో రాబిట్‌ఐ రకం కూడా ఉంటేనే కాపు బాగుంటుంది. నాకు వచ్చిన ట్యాగ్ మీద బ్లూబెర్రీ అని తప్ప ఇంకేమీ లేదు. ఏ రకం అని అడిగితే "హైబ్రిడ్ అండీ" అన్నారు. ఆ జవాబు వచ్చిందంటే అక్కడ కొనకండి.

అలాంటి చోట్లే నీలం స్ట్రాబెర్రీ విత్తనాలు కూడా అమ్ముతున్నారు. అది పచ్చి మోసం. నీలం స్ట్రాబెర్రీ అనేదే లేదు, ఫొటోలో రంగు మార్చిందే. మామూలు స్ట్రాబెర్రీ కూడా గింజ వేస్తే తల్లి మొక్కలాంటి పండు రాదు, అందుకే తీగల నుంచి వచ్చిన పిలకలు నాటుతారు.

పార్సెల్ వచ్చాక విప్పేటప్పుడు తప్పకుండా వీడియో తీయండి, వేళ్ళు కనిపించేలా. ప్రాణమున్న మొక్క వాపసు తీసుకోం అని మొదట నాతో గట్టిగానే వాదించారు. వేళ్ళ ఫొటోలు, పీహెచ్ రీడింగ్ పంపాకే మొక్క డబ్బు తిరిగిచ్చారు. మట్టి డబ్బు ఇంకా ఇవ్వలేదు.