వానలో మియాటా: 6 ఏళ్లు, ఒక్క బొంగరం

నాది 2019 మజ్దా ఎమ్‌ఎక్స్-5 మియాటా, టాపు తీసే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, క్లబ్ అనే రకం, 6 గేర్ల మాన్యువల్. హ్యూస్టన్‌లో ఆరేళ్లుగా రోజూ ఆఫీసుకి ఇదే బండి. 61 వేల మైళ్లు దాటింది. "వెనక చక్రాల బండి (ఇంజను తిప్పేది వెనక చక్రాలనే), వానలో ఎలా తోలతావురా?" అని కొన్నప్పుడు అడగని స్నేహితుడు లేడు. రోడ్డు మీద ఇప్పటిదాకా ఒక్కసారే గిర్రున తిరిగింది. టాపు, సీట్లు, మైలేజీ సంగతులు చాలామంది రాశారు కాబట్టి నేను ఆ ఒక్కసారి గురించే రాస్తాను.

కొన్న రెండో ఏడు, ఆగస్టు. మూడు వారాలుగా చినుకు లేదు. సాయంత్రం ఇంటికొస్తుంటే జల్లు మొదలైంది. తొలకరి వాసన మనకెంత ఇష్టమో, ఆ మొదటి పది నిమిషాల రోడ్డు అంత చెడ్డది. పేరుకున్న నూనె, రబ్బరు పొడి అప్పుడే తడిసి సబ్బునీళ్లలా అవుతాయి. గట్టిగా కురిసి కడిగేశాకే కాస్త నయం. ఫ్రీవే దిగే ర్యాంపు మలుపులో మూడో గేరు నుంచి రెండుకి దించి, క్లచ్ టక్కున వదిలాను. స్పీడు 35 మైళ్లే. ఎండలో రోజూ చేసే పనే! ఇంజను వెనక చక్రాలను పట్టేసింది, హ్యాండ్‌బ్రేక్ లాగినట్టు. తోక ఎడమకి జారింది. స్టీరింగ్ ఎడమకి తిప్పాను, సరిగ్గానే. కానీ పట్టు దొరికిన క్షణంలో దాన్ని వెనక్కి తేవడం ఆలస్యమైంది. బండి ఈసారి రెండోవైపు విసిరేసింది. కళ్లు తెరిచేసరికి గడ్డిలో, వచ్చిన దారివైపే చూస్తూ ఉన్నాను. వెనక ఎవరూ లేకపోవడం వెంకన్న దయ. బండి జారకుండా కాపాడే కంప్యూటర్ ఏర్పాటు, డీఎస్‌సీ, ఎందుకు ఆపలేదంటారా? ఆఫీసు నుంచి బయల్దేరేటప్పుడు సరదాకి నేనే బటన్ నొక్కి ఆపేశాను.

అందరూ యాక్సిలరేటర్ జాగ్రత్త అంటారు. నిజమే, 181 హార్స్‌పవర్ తడి రోడ్డు మీద రెండో గేరులో టైర్లను తిప్పేస్తుంది. అయితే అది కాలికి ముందే తెలుస్తుంది. నన్ను తిప్పింది మాత్రం నొక్కడం కాదు, వదలడం. మలుపులో కాలు తీసేస్తే బరువు ముందుకి పోయి వెనక తేలికవుతుంది. సరిగ్గా అప్పుడే ఇంజను వెనక్కి లాగుతుంది. ఇప్పుడు బ్రేకు, గేరు మార్చడం రెండూ మలుపుకి ముందే, బండి తిన్నగా ఉండగానే ముగిస్తాను. గేరు దించేటప్పుడు కాస్త రేజ్ చేసి క్లచ్ మెల్లగా వదులుతాను. అనుమానమొస్తే మూడో గేరులోనే ఉండిపోతాను. మలుపు పొడుగునా కాలు తేలిగ్గా ఒకేలా ఆనించి ఉంచుతాను.

నాన్నగారి అంబాసిడర్ కూడా వెనక చక్రాల బండే. కృష్ణా జిల్లా వానల్లో ఎన్నడూ తిప్పలేదాయన. ఆయన బండికి లేనిది పవరు, నాకు లేనిది ఓపిక.

ఇక టైర్లు. ఆ రోజు నా టైర్ల గాడి లోతు 3/32 అంగుళమే. టెక్సస్ చట్టం 2/32 దాకా ఒప్పుకుంటుంది, వాన ఒప్పుకోదు. పావు డాలరు బిళ్లను గాడిలో తలకిందులుగా పెడితే వాషింగ్టన్ నెత్తి మొత్తం కనిపించిందా, 4/32 కంటే తక్కువుందన్నమాట. నేను అక్కడే మార్చేస్తాను.

నీటి మీద టైరు తేలిపోవడానికి నాసా వాళ్లు 1960ల్లో విమానాల కోసం కట్టిన లెక్క ఒకటుంది: టైరులో గాలి ఒత్తిడి (పీఎస్‌ఐలో) వర్గమూలం తీసి 10.35తో గుణిస్తే, తేలే స్పీడు గంటకి మైళ్లలో వస్తుంది. నా బండి తలుపు మీద 29 పీఎస్‌ఐ అని ఉంటుంది. అంటే సుమారు 56 మైళ్లు! మంచి గాడి ఉన్న కారు టైరుకి అదే అంకె రాదులెండి. కానీ వెయ్యి కిలోలు కాస్త దాటిన తేలిక బండికి నిలిచిన నీళ్లంటే భయం ఉండాలి. జోరువానలో ఐ-10 హైవే మీద క్రూజ్ కంట్రోల్ తీసేసి, 50కి దిగి, ముందు లారీ చక్రాలు నీళ్లు చీల్చిన జాడలో పోతాను. సబర్బన్‌ లాంటి పెద్ద బండ్లు హారన్ కొడితే కొట్టనీ. స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైతే బ్రేకు ముట్టుకోను, తిప్పను, కాలు మాత్రం నెమ్మదిగా సడలిస్తాను.

కారుతో వచ్చిన సమ్మర్ టైర్లు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే గట్టిపడతాయి. జనవరి పొద్దున్నే వాన పడితే చెప్పక్కర్లేదు. అందుకే అన్ని కాలాలకీ పనికొచ్చే కాంటినెంటల్ డీడబ్ల్యూఎస్ 06 ప్లస్‌ టైర్లకి మారాను. ఎండలో స్టీరింగ్ కాస్త మెత్తబడింది, అది ఒప్పుకోవాలి. వానలో మాత్రం వేరే బండి. గాడిలో డీ (పొడి), డబ్ల్యూ (తడి), ఎస్ (మంచు) అక్షరాలుంటాయి. డబ్ల్యూ అరిగిపోతే తడి రోడ్డుకి పనికిరాదని గుర్తు.

డీఎస్‌సీ ఇప్పుడు ముట్టుకోను. తోక జారితే అది ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి, పవరు తగ్గిస్తుంది. అరిగిన టైరుకి మాత్రం పట్టు తెచ్చిపెట్టలేదు.

ఒక తడి ఆదివారం ఎస్‌సీసీఏ అనే కార్ల క్లబ్బు పెట్టే ఆటోక్రాస్‌ (కోన్ల మధ్య ఒక్కొక్కరే బండి తోలే పోటీ)కి వెళ్లి, ఖాళీ పార్కింగ్ లాట్‌లో మూడుసార్లు గిర్రున తిప్పాను. బండి వెళ్లాల్సిన చోటికే చూడటం, చేతులు త్వరగా వెనక్కి తేవడం అక్కడే ఒంటబట్టాయి. ఇక చేజారిపోయిందనిపిస్తే క్లచ్, బ్రేకు రెండూ అడుగుదాకా తొక్కేయాలని కూడా.

నిన్న చూస్తే వెనక టైర్ల మీద డబ్ల్యూ సగం చెరిగింది. శనివారానికి కొత్తవి చెప్పాను.