చీటీ, పుస్తకం, ఆప్, న్యూమరాలజీ: తిరుపతిలో బిడ్డ పేరుకు ఏది పనికొస్తుంది

తిరుపతిలో బిడ్డ పుట్టిన ఇంటికి పేరు నాలుగు దార్లలో వస్తుంది. పురోహితుడు రాసిచ్చే చీటీ, గుడి వీధుల్లో పూజాసామాన్ల అంగళ్ళ పక్కన దొరికే పేర్ల పుస్తకం, ఫోన్లో ఆప్, న్యూమరాలజీ వాళ్ళ లిస్టు. నాలుగింటినీ ఒకే గీటురాయి మీద గీసి చూశాం: ఆ పేరుతో పిలిస్తే ఆప్యాయంగా వినిపిస్తుందా, ఇంట్లో అవ్వ మొదలు బళ్ళో టీచరు దాకా అందరి నోటా పలుకుతుందా. అక్షరం, అర్థం, అంకె ఆ తర్వాతే.

ముందు చీటీ. పుట్టిన తేదీ, సమయం, ఊరు చెబితే నక్షత్రం, పాదం చూసి అక్షరం రాసిస్తారు. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108. అశ్వినికి చు, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. మఖకు మా, మీ, మూ, మే. చంద్రుడు ఒక పాదం దాటడానికి సుమారు 6 గంటలు పడుతుంది కాబట్టి పది నిమిషాలు అటూ ఇటూ అయినా మామూలుగా ఏమీ కాదు. పాదం మారే వేళకు పుట్టిన బిడ్డకు మాత్రం ఆ పది నిమిషాలే అక్షరాన్ని మార్చేస్తాయి. ఆసుపత్రి కేస్ షీటులో రాసిన సమయమే చెప్పాలి. వరండాలో నిలబడ్డ మేనమామ ఫోన్లో చూసిన టైము చెబితే లెక్క తప్పొచ్చు.

ఎక్కువ తప్పులు అర్ధరాత్రి దాటాక పుట్టిన పిల్లల దగ్గరే జరుగుతాయి. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, గడియారానికి రాత్రి పన్నెండుతో. "శుక్రవారం రాత్రి పన్నెండున్నర" అని నోటితో చెబితే చెప్పినవాళ్ళ మనసులో ఒక తేదీ, రాసుకున్నవాళ్ళ మనసులో ఇంకో తేదీ. ఒక రోజు తేడా అంటే దాదాపు ఒక నక్షత్రం తేడా. వారం పేరు ఎత్తకుండా తేదీ, గంట, నిమిషం కాగితం మీద రాసివ్వండి.

చిత్తూరు వైపు ఇంకో చిక్కుంది. తమిళ బంధుత్వాలున్న ఇళ్ళలో కొందరు పాత సూత్రాల లెక్కతో వేసే వాక్య పంచాంగం చూస్తారు, కొందరు ఇప్పటి గ్రహగణితంతో వేసే దృక్ పంచాంగం. నక్షత్రం ముగిసే సమయం రెండింటిలో ఒకటిగా ఉండదు. రెండు చీటీలు రెండు అక్షరాలు చెప్పాయంటే ఎవరో మోసం చేశారని కాదు, లెక్కలే వేరు. ఇంట్లో పండగలు ఏ పంచాంగం ప్రకారం చేస్తున్నారో దాన్నే పట్టుకోండి, మూడో చీటీకి పోవద్దు.

చీటీ మంచిదా కాదా అన్నది చిక్కు అక్షరం వచ్చినప్పుడు తెలుస్తుంది. ఆర్ద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ. ఙతో ఎవరు పేరు పెడతారప్పా? ఆశ్లేషకు డీ, డూ, డే, డో. పాత పేరు కావాలంటే డుండి దగ్గర ఆగిపోవాలి, కొత్తది కావాలంటే డింపుల్ దగ్గర. తెలిసిన పురోహితుడైతే అదే నక్షత్రంలోని మిగతా పాదాల అక్షరాలు కూడా రాసిస్తాడు. లేదంటే నక్షత్రనామం చెవిలో చెప్పే పేరుగా ఉంచి, పిలిచే పేరు మీ ఇష్టానికి వదిలేస్తాడు. ఒకే ఒక్క అక్షరం గీసి "ఇదే పెట్టాలి" అని పంపించే చీటీకి మా దగ్గర మార్కులు తక్కువ.

అక్షరం చేతికొచ్చాక జనం పుస్తకం తెరుస్తారు. అక్షరక్రమంలో వేల పేర్లు, ఎదురుగా ఒక్క ముక్కలో అర్థం. పాత పేర్ల వరకు ఇవి బాగానే ఉంటాయి. కొత్త పేర్ల పేజీల్లోనే మోసపోతాం. ఆడపిల్ల పేరుకు అర్థం తోచకపోతే "లక్ష్మీదేవి" అని, మగపిల్లాడి పేరుకు తోచకపోతే "విష్ణువు అంశ" అని వేసేస్తారు. కియాన్ పారసీ పేరు, రాజులకు సంబంధించినది. దాని తోకకు "ష్" తగిలించి కియాన్ష్ చేసి, సంస్కృతం అని అచ్చేస్తే సంస్కృతం అయిపోదు. ఋత్విక్ అంటే యజ్ఞం చేయించే పురోహితుడు. "రి"తో రాసినా అర్థం అదే, కానీ పుస్తకం దానికి ఇంకేదో చెబుతుంది.

ఆ "ష్" దగ్గరే తెలుగు నోటికి ఇబ్బంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. హల్లుతో ముగిసే పేరును పెద్దవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే సరిచేసుకుంటారు: విహాన్ "విహానూ" అవుతాడు, అయాన్ష్ "అయాంసు" అవుతాడు. పిలుపు దూరానికి వినపడాలంటే చివర సాగదీయడానికి అచ్చుండాలి. మిద్దె మీదనుంచి "వకుళా..." అని పిలిచి చూడండి, అదే గొంతుతో "అయాన్ష్" అని పిలవండి. రెండోది "ష్" దగ్గర ఆగిపోతుంది, వీధి చివరున్న పిల్లాడికి సగమే వినపడుతుంది.

ఒత్తుల సంగతీ అంతే. శ్లోక అవ్వ నోట్లో "సులోక" అవుతుంది, హృదయ్ "రుదయ్", ధ్రువ "దురువ". అవ్వను తప్పుపట్టి లాభం లేదు, రోజుకు వందసార్లు పిలిచేది ఆమే. ల, మ, న, య, వ ఉన్న పేర్లు నాలుకకు మెత్తగా తగులుతాయి. వినడానికి మెత్తనిది, గరుకైనది అన్న భేదం ఉత్త ఊహ కాదు: గుండ్రటి బొమ్మ, మొనలున్న బొమ్మ చూపి "బూబా", "కికీ" అనే మాటల్లో ఏది దేనికని అడిగితే దాదాపు అందరూ గుండ్రటిదానికే బూబా అంటారని శాస్త్రవేత్తలు రామచంద్రన్, హబ్బర్డ్ 2001లో రాశారు. ఇంటి సంస్కారాలు ఎలా చేయాలో చెప్పే మన గృహ్యసూత్రాల్లోనూ దీనికి దగ్గరి మాట ఒకటుంది. మగబిడ్డ పేరుకు రెండో నాలుగో అక్షరాలు, మొదట ఘోషాక్షరం (గ, జ, ద, బ లాంటిది), నడుమ య, ర, ల, వలలో ఒకటి. ఆడబిడ్డకు బేసి అక్షరాలు, చివర ఆకారం. పేర్ల పుస్తకాల ముందుమాటల్లో దీనికి ఒక పేజీ కేటాయిస్తే ఎంత బాగుండేది.

ఈ ఊరి పేర్లకు పుస్తకంలో చోటు మరీ తక్కువ. శ్రీనివాసుణ్ణి పెంచిన తల్లి వకుళ. పేరూరు కొండ మీద ఆమె గుడి ఉంది, వకుళం అంటే పొగడ. అలివేలు తమిళంలోని అలర్‌మేల్ నుంచి వచ్చింది, "పూవు మీద ఉన్నది" అని. శ్రీకాళహస్తి అమ్మవారు జ్ఞానప్రసూనాంబ. జ్ఞ భయపెడితే ప్రసూన చాలు. చిత్తూరు జిల్లా ఇళ్ళలో మునెమ్మ, మునిరత్నం, మునస్వామి లెక్కలేనంత మంది. "ముని" పాతబడిందనుకుంటే రత్న ఉంచుకోవచ్చు, అవ్వ పేరూ పోదు.

ముద్దుపేరు సంగతి పుస్తకం చెప్పదు, మీరే చూసుకోవాలి. తెలుగువాళ్ళు పేరును రెండక్షరాలకు కుదించి చివర ఉకారమో ఇకారమో పెడతారు: పద్మావతి పద్దు, శ్రీనివాసులు శీను, కృష్ణ కిట్టు. మీరు ఎంచుకున్న పేరును ఇలా విరిచి చూడండి. వచ్చిన ముక్క బూతులానో, బళ్ళో ఏడిపించే మాటలానో ఉంటే ముందే తెలిసిపోతుంది.

ఆప్ ఒక్క పనికి మాత్రం బాగుంటుంది: చీటీని సరిచూసుకోవడానికి. అదీ సెట్టింగులు చూశాకే. లెక్క సాయనంలో, అంటే పాశ్చాత్యుల పద్ధతిలో ఉంటే చంద్రుడు 24 డిగ్రీలకు పైగా ముందుకు జరుగుతాడు. ఒక నక్షత్రం వెడల్పు 13 డిగ్రీల పైచిలుకే కాబట్టి దాదాపు రెండు నక్షత్రాలు తప్పుతుంది. నిరయనం (మన పంచాంగాల పద్ధతి), లాహిరి అయనాంశ (ఆ రెండు పద్ధతుల తేడాకు వాడే లెక్క), భారత కాలమానం, ఊరు తిరుపతి అని పెట్టాక వచ్చింది చూడండి. పేర్ల జాబితా జోలికి పోవద్దు, సగం ఉత్తరాది ఉచ్చారణలే.

న్యూమరాలజీ లిస్టుకు డబ్బు పెట్టక్కర్లేదు. వాళ్ళు లెక్కపెట్టేది ఇంగ్లీషు అక్షరాలను. ఆ అక్షరాలకిచ్చిన అంకెల మొత్తం కుదరకపోతే ఒక ఏ, ఒక హెచ్ అదనంగా తగిలిస్తారు. తెలుగులో పేరు వెంట్రుకవాసి కూడా మారదు, కాగితాల్లో మాత్రం ఆ అదనపు అక్షరాన్ని బిడ్డ జీవితాంతం మోయాలి.

బారసాల రోజు పళ్ళెంలో బియ్యం వేలి మందాన పరిచి ఉంగరంతో పేరు రాస్తారు. పలచగా పరిస్తే అడుగున స్టీలు కనిపిస్తుంది, మందంగా పోస్తే గీతలు మళ్ళీ పూడుకుపోతాయి. క్ష, జ్ఞ, కింద ఒత్తులున్న పేర్లు బియ్యంలో కలిసిపోయి చదవడానికి రావు. అలాంటి పేరైతే పెద్ద తాంబాళం తీసుకోండి.

ఇక జనన ధ్రువపత్రం. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు జరగాలి, అప్పటికి పేరు ఖాయం కాకపోయినా ఫర్వాలేదు. 12 నెలల్లోపు పేరు చేర్పించుకుంటే రుసుము ఉండదు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ళ దాకా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడి, పాస్‌పోర్టు, ఆధార్ అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు ఈ కాగితమే. అందుకని తొందరపడి సగం మనసుతో పేరు ఇవ్వడం కన్నా నెలో రెండు నెలలో ఇంట్లో పిలిచి చూసి ఇవ్వడం నయం.

ఇంటిపేరు పొట్టిగా ఒక అక్షరం వేసి వదలకండి, పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది, అక్కడ పొడి అక్షరం ఇబ్బంది పెడుతుంది. స్వాతి, నిత్య లాంటి పేర్లలో "త"కు మనం టీ పక్కన హెచ్ వేస్తాం, ఉత్తరాదివాళ్ళు దాన్నే "థ" అని చదువుతారు. ఏది కావాలో ఇంట్లోనే తేల్చుకుని, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి కౌంటర్లో ఇవ్వండి. నోటితో చెబితే ఆపరేటరు తన చెవికి వినపడిందే కొడతాడు.